సామాన్యుని నిఘంటుకర్త – చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

పాఠ్యభాగ ఉద్దేశం

భాష పండితులకు మాత్రమే చెందిన సంపద కాదు, అది ప్రజలందరి నిత్యజీవిత సాధనం. ఆ సాధనాన్ని అందరికీ అందుబాటులోకి తేవడానికి జీవితాన్ని వెచ్చించిన ఒక విదేశీయుని కృషిని విద్యార్థులకు తెలియజేయడం, పాండిత్యానికీ ప్రజావసరానికీ మధ్య ఉండవలసిన సమన్వయాన్ని గ్రహింపజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

ఏ సాధనాన్నైనా రూపొందించేవారి ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. ఆ సాధనం ఆరితేరిన నేర్పరుల కోసమా, లేక దానితో అవసరం ఉన్న ప్రతి ఒక్కరి కోసమా? నేర్పరుల కోసమే అయితే అది ఎంత కఠినంగా ఉన్నా చెల్లుతుంది. అందరి కోసం అయితే దానిని చేపట్టడానికి ముందే ఏళ్ల తరబడి శిక్షణ పొందవలసిన అవసరం ఉండకూడదు. నాగలికీ, కొలతబద్దకూ వర్తించే ఈ ప్రశ్న భాషకు కూడా వర్తిస్తుంది. వ్యాకరణం, నిఘంటువు భాషకు సాధనాలు. అవి కవిపండితుల చేతిలో మాత్రమే ఉండాలా, సంతలో సరుకు అమ్ముకొనేవారికీ, కచేరీలో అర్జీ పెట్టుకొనేవారికీ కూడా ఉపయోగపడాలా? పందొమ్మిదో శతాబ్ది తొలి సగంలో తెలుగునేలపై ఈ ప్రశ్నకు తన జీవితకృషితో సమాధానం చెప్పినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. ఇంటి వాతావరణం వల్ల బ్రౌన్ చిన్ననాటనే హీబ్రూ, అరబ్బీ, పారసీ, హిందూస్తానీ భాషలతో పరిచయం సంపాదించాడు. 1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. అక్కడ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817 ఆగస్టులో బ్రౌన్ మద్రాసులో అడుగుపెట్టాడు. అప్పటికి అతనికి తెలుగులో ఒక్క అక్షరం కూడా తెలియదు.

మద్రాసులోని సెయింట్ జార్జి కోట కళాశాల 1812లో ఏర్పడింది. జిల్లాలకు వెళ్లబోయే యువ అధికారులు అక్కడ దేశభాషలు నేర్చుకోవాలి. వెలగపూడి కోదండరామ పంతులు వద్ద బ్రౌన్ తెలుగు అభ్యసించి, 1820 జూన్‌లో పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ సంవత్సరం ఆగస్టులో కడప కలెక్టరు హాన్‌బరీకి సహాయకుడిగా నియమితుడయ్యాడు. 1800లో నిజాం నుండి కంపెనీకి సంక్రమించిన దత్తమండలాలలో కడప ఒక భాగం. ఆ మండలాలను మొదట పాలించిన థామస్ మన్రో, అధికారులు ప్రజల భాషలోనే ప్రజలతో వ్యవహరించాలని పట్టుబట్టినవాడు. హాన్‌బరీ తెలుగులో ధారాళంగా మాట్లాడగలవాడు. అటువంటి అధికారి వద్ద పనిచేసిన రెండేళ్లలో బ్రౌన్‌కు తెలుగు మాట్లాడే అలవాటు పట్టుబడింది.

జమ్మలమడుగు నల్లరేగడి చేలలో పత్తి పండించే రైతుకైనా, ప్రొద్దుటూరులో వర్తకం చేసేవానికైనా, పులివెందుల సీమలో వర్షాధారంపై బతికే కాపుకైనా ఆనాడు కచేరీతో పని తప్పేది కాదు. పన్ను, పట్టా, సరిహద్దు తగాదా, నీటి తగాదా – అన్నిటికీ అక్కడికే రావాలి. వారి నోటి తెలుగులో దేశీయపదాలతోపాటు సర్కారు వ్యవహారాల ద్వారా వచ్చిన పారసీ, అరబ్బీ పదాలు కలిసిపోయి ఉండేవి. కాగితం, జవాబు, ఖరీదు, జమీను, దస్తావేజు వంటి మాటలు కావ్యాలలో అరుదు. కాని అవి లేకుండా ఒక్క అర్జీ కూడా తయారుకాదు. పుస్తకాలలో నేర్చిన తెలుగుకూ, ఫిర్యాదుదారుని నోట వినబడే తెలుగుకూ మధ్య ఉన్న ఈ దూరం పాలనలో చిన్న విషయం కాదు. అర్జీదారుని మాట అధికారికి తెలియకపోతే, మధ్యవర్తి చెప్పిందే నిజమవుతుంది. ఆ మధ్యవర్తి తలచుకుంటే రైతు నోటి కూడు పోగొట్టగలడు.

ఈ దూరం విదేశీ అధికారులకే కాదు, తెలుగుబిడ్డలకు కూడా ఉండేది. కడపకు పొరుగునున్న బళ్లారి జిల్లాలో కలెక్టరుగా పనిచేసిన ఎ.డి. క్యాంబెల్ 1823లో అక్కడి పాఠశాలల స్థితిపై ఒక నివేదిక సమర్పించాడు. వీధిబడులలో పిల్లలు చదివే పుస్తకాలు పద్యరూపంలో, మాట్లాడే భాషకు భిన్నమైన భాషలో ఉన్నాయని, పిల్లలు వాటిని అర్థం తెలియకుండానే వల్లెవేస్తున్నారని అతడు పేర్కొన్నాడు. నిఘంటువుల సంగతీ అంతే. సంస్కృతంలో అమరకోశం, తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి రచించిన 'ఆంధ్రనామ సంగ్రహము' పద్యాలలో ఉన్న పర్యాయపద కోశాలు. వాటిని కంఠస్థం చేసినవాడు పద్యరచనకు కూర్చున్నప్పుడు తగిన మాట క్షణంలో స్ఫురిస్తుంది. ఆ విధంగా అవి కవులకు గొప్ప సాధనాలు. కాని, తెలియని ఒక మాట ఎదురైనప్పుడు దాని అర్థం వెతుక్కోవాలనుకొనేవారికి అవి తలుపులు తెరవవు. ముందే అంతా తెలిసినవారికి మాత్రమే అవి ఉపకరిస్తాయి.

ఈ లోటును గుర్తించినవారు బ్రౌన్‌కు ముందు కూడా ఉన్నారు. మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య పందొమ్మిదో శతాబ్ది ఆరంభంలోనే అకారాది క్రమంలో 'ఆంధ్రదీపిక' అనే నిఘంటువును కూర్చాడు. క్యాంబెల్ దానిని ఆధారంగా చేసుకొని 1821లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించాడు. అంతకుముందు 1816లో అతని తెలుగు వ్యాకరణం వెలువడింది. ఇవి గొప్ప ప్రయత్నాలే. అయితే వాటికి ప్రధాన ఆధారం కావ్యభాష. మాట్లాడే తెలుగుకు వాటిలో దక్కిన చోటు స్వల్పం.

బ్రౌన్ ఆలోచనను మలుపు తిప్పినవాడు వేమన. కడప నుండి మచిలీపట్నానికి బదిలీ అయిన తరువాత, 1824లో దుబాయి అనే ఫ్రెంచి మతాచార్యుని గ్రంథం చదువుతుండగా బ్రౌన్‌కు వేమన పేరు తగిలింది. వెంటనే అతడు వేమన పద్యాల తాళపత్ర ప్రతుల కోసం అన్వేషణ ప్రారంభించాడు. ఇక్కడ అతనికి ఒక వింత ఎదురైంది. వేమన పద్యం రాని తెలుగువాడు లేడు. కాని పండితసభలలో వేమనకు పీఠం లేదు. గండికోటతో, కదిరి సీమలోని కటారుపల్లెతో ఆ యోగికి సంబంధాన్ని కలిపే కథలు ప్రజల నోళ్లలో ఉన్నాయి. లక్షణగ్రంథాలలో మాత్రం అతని ప్రస్తావన అరుదు. మాటలు సులభమైనవి, ఛందస్సు చిన్నది, అలంకారాల ఆడంబరం తక్కువ. ఏ గుణాలవల్ల పండితులు వేమనను పక్కనపెట్టారో, ఆ గుణాలవల్లనే ప్రజలు అతనిని గుండెలో పెట్టుకొన్నారు.

బ్రౌన్ అనేక ప్రతులను తెప్పించి, పాఠభేదాలను పోల్చి, 693 పద్యాలను ఎంచి ఇంగ్లీషు అనువాదంతో 1829లో మద్రాసులో ముద్రింపజేశాడు. 1839 నాటి మలిముద్రణలో పద్యాల సంఖ్య 1164కు పెరిగింది. తాటాకుల మీద, ప్రజల నాలుకల మీద ఉన్న కవి ఈ విధంగా అచ్చు పుస్తకంలోకి వచ్చాడు. అయితే ప్రజాకవిని ఆదరించినందువల్ల బ్రౌన్ ప్రౌఢసాహిత్యాన్ని తృణీకరించాడని భావించరాదు. వేమన పద్యాలకు రెండేళ్లు ముందే, 1827లో, అతడు తెలుగు, సంస్కృత ఛందస్సులను వివరించే గ్రంథాన్ని ప్రకటించాడు. పండితుల విద్యను అతడు ఆసాంతం నేర్చుకొన్నాడు. నేర్చుకొన్న తరువాతనే దానిని ఇతరులకు సులభం చేయడానికి పూనుకొన్నాడు.

1826లో తిరిగి కడపకు వచ్చినప్పుడు బ్రౌన్ అక్కడ విశాలమైన తోట ఉన్న ఒక బంగళాను కొన్నాడు. అది నివాసం మాత్రమే కాలేదు; తెలుగు గ్రంథ పరిష్కరణకు కర్మాగారమైంది. జనులు దానిని బ్రౌన్ కాలేజీ అని పిలుచుకొన్నారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి దాని నిర్వహణను చూసుకొనేవాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులు, ప్రతులు రాసే లేఖకులు బ్రౌన్ కొలువులో పనిచేశారు. వారి జీతాలకు ప్రభుత్వం పైకం ఇవ్వలేదు. బ్రౌన్ తన జీతం నుండి చెల్లించేవాడు. చాలనప్పుడు అప్పులు చేసేవాడు. పేదపిల్లల కోసం కడపలోను, మచిలీపట్నంలోను ఉచిత పాఠశాలలను కూడా అతడు నడిపాడు.

ఆ బంగళాలో జరిగిన పని తీరు తెలుసుకోదగినది. ఒక కావ్యాన్ని ఎంచుకొన్న తరువాత దాని తాళపత్ర ప్రతులను వివిధ ప్రాంతాల నుండి వీలైనన్ని సేకరించేవారు. వాటిని కాగితం మీదికి, పంక్తుల మధ్య, అంచులలో ఖాళీ ఉండేటట్లు ఎక్కించేవారు. పద్యాలకు సంఖ్యలు వేసేవారు. ఒక ప్రతికీ మరొక ప్రతికీ ఉన్న తేడాలను ఆ ఖాళీలలో గుర్తించేవారు. తరువాత పండితులు కూర్చొని, ఏ పాఠం సరియైనదో చర్చించి నిర్ణయించేవారు. వ్యాకరణంలో దిట్ట అయినవాడు ఒకడు, ఛందస్సులో నిష్ణాతుడు ఒకడు, లోకవ్యవహారం బాగా తెలిసినవాడు ఒకడు ఆ చర్చలో ఉండేటట్లు బ్రౌన్ జాగ్రత్త వహించేవాడు. చివరకు టీకను, పదసూచికను సిద్ధం చేసేవారు. ఈ శ్రమ ఫలితంగానే జూలూరి అప్పయ్య వ్యాఖ్యానంతో మనుచరిత్రము, వసుచరిత్రము వంటి ప్రౌఢప్రబంధాలు చదువరులకు చేరువయ్యాయి.

ఇక్కడ ఒక సత్యం స్పష్టమవుతుంది. సామాన్యునికి సులభమైన పుస్తకాన్ని ఇవ్వాలంటే, దాని వెనుక పండితుడు రెట్టింపు శ్రమించాలి. చదువరికి తగ్గిన భారం మాయమైపోదు. దానిని ముందుగా మరొకరు మోసి ఉంటారు. కడప బంగళాలోని పండితులు మోసినది ఆ భారమే. పాండిత్యం లేకుండా సులభత్వం రాదని, సులభత్వానికి తోడ్పడని పాండిత్యం పరిమితమైపోతుందని వారి కృషి తెలియజేస్తుంది.

రాజమండ్రి, గుంటూరు మొదలైన చోట్ల కూడా బ్రౌన్ ఉద్యోగం చేశాడు. 1834లో ఉద్యోగం నుండి తప్పుకొని ఇంగ్లండుకు వెళ్లవలసివచ్చింది. అక్కడ కూడా తెలుగు అతనిని విడిచిపెట్టలేదు. లండనులోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో దక్షిణభారత భాషల రాతప్రతులు రెండువేలకు పైగా ఎవరూ ముట్టని స్థితిలో పడి ఉండటం అతని కంటపడింది. వాటిని చదవగలవారు ఉన్నది ఇక్కడ. ప్రతులు ఉన్నది అక్కడ. కంపెనీవారిని ఒప్పించి వాటిని మద్రాసుకు చేర్పించిన ఘనత బ్రౌన్‌ది. 1838లో పారసీ అనువాదకుడిగా తిరిగి మద్రాసు వచ్చిన తరువాత, తాను సేకరించిన ప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. అవి కాలక్రమంలో మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో భాగమయ్యాయి.

1840లో బ్రౌన్ తెలుగు వ్యాకరణం వెలువడింది. సంప్రదాయ వ్యాకరణాలు సంస్కృత పరిభాషతో, సూత్రాల రూపంలో ఉండేవి. బ్రౌన్ వ్యాకరణం నేర్చుకొనేవాని అవసరం నుండి మొదలవుతుంది. ఇంట్లో, వీధిలో, కచేరీలో వినబడే వాక్యాలు అందులో ఉదాహరణలయ్యాయి. కావ్యభాషా రూపం ఇది, వాడుక రూపం ఇది అని రెండింటినీ వేరుచేసి చూపాడు. భాష ఎలా ఉండాలో శాసించడం కన్న, ఎలా ఉన్నదో వివరించడం వ్యాకర్త మొదటి పని అని అతని పద్ధతి సూచిస్తుంది. శకటరేఫ, అర్ధానుస్వారం వంటివి నిత్యవ్యవహారపు రాతకు అక్కరలేదని అతడు తలచాడు. నాటి పండితులకు ఇది మింగుడుపడలేదు. ఆ చిహ్నాలు మాటల పుట్టుకను తెలిపే ఆనవాళ్లని, ఛందోబద్ధమైన రచనలో యతిప్రాసల నిర్ణయానికి అవసరమని వారు భావించారు. వారి వాదంలో బలం లేకపోలేదు. కాని ఉత్తరం రాసుకొనేవానికి యతిప్రాసలతో పనిలేదన్నది కూడా అంతే నిజం.

బ్రౌన్ కీర్తికి మూలస్తంభం అతని నిఘంటువులు. తెలుగు–ఇంగ్లీషు, ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు 1852 ప్రాంతంలో మద్రాసులో వెలువడ్డాయి. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో ఏ పుటను తెరిచినా దాని నిర్మాణం విశదమవుతుంది. ముందుగా తెలుగు లిపిలో మాట, ఆపై దాని ఉచ్చారణను తెలిపే రోమను లిపి రూపం, అది తెలుగా, సంస్కృతమా, హిందూస్తానీయా అన్న గుర్తు, అది నామవాచకమా, క్రియా అన్న వివరం, తరువాత అర్థం. అర్థంతో ఆగకుండా, ఆ మాట ప్రజల నోట ఎలా నడుస్తుందో తెలిపే చిన్న వాక్యాలు, అదే మాట కవుల చేతిలో ఎలా వెలిగిందో తెలిపే కావ్యప్రయోగాలు పక్కపక్కనే ఉంటాయి. చెట్లపేర్లు, పశువుల పేర్లు, చేతిపనుల మాటలు, వంటింటి మాటలు, సామెతలు – అన్నిటికీ అందులో ప్రవేశం లభించింది. కవిత్రయం ప్రయోగించిన మాటకూ, కమ్మరి కొలిమి వద్ద పలికిన మాటకూ ఒకే వరుసలో ఆసనం వేసిన నిఘంటువు అది.

కచేరీలలోను, వర్తకంలోను వాడే మాటల కోసం అతడు ప్రత్యేకంగా కృషి చేశాడు. 1852లో 'జిల్లా నిఘంటువు'ను, 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యభాషా పదాల కోసం 'మిశ్రభాషా నిఘంటువు'ను ప్రకటించాడు. ఆ కాలంలోనే అతడు ప్రచురించిన తెలుగు వాచకం మరింత విలక్షణమైనది. అందులో పద్యాలకు బదులు నిజజీవితపు ఉత్తరాలు, వర్తక లేఖలు, పోలీసు కాగితాలు, రెవిన్యూ అర్జీలు పాఠాలయ్యాయి. అనంతపురం పాలెగాండ్ర చరిత్రను, తాతాచార్యుల కథలను కూడా అతడు వాడుకభాషలోనే అచ్చువేయించాడు. ఏ ఛందస్సులోను ఇమడని ప్రజల వచనం కూడా భద్రపరచదగినదేనని, చదవదగినదేనని ఆ పుస్తకాలు నిరూపించాయి. నూటడెబ్బై ఏళ్లనాటి తెలుగువారు ఎలా మాట్లాడుకొన్నారో తెలుసుకోవాలనుకొనేవారికి అవి నేటికీ ఆధారాలు.

అదే కాలంలో మద్రాసులో మరొక మహాపండితుడు భిన్నమైన మార్గంలో పయనించాడు. పరవస్తు చిన్నయసూరి 1853లో 'నీతిచంద్రిక'ను, ఆ తరువాత 'బాలవ్యాకరణము'ను వెలువరించాడు. ప్రాంతానికొక తీరుగా, మనిషికొక తీరుగా ఉన్న వచనానికి ఒక నిలకడ, ఒక సౌష్ఠవం కల్పించాలన్నది ఆయన ఆశయం. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో ప్రకటించిన 'శబ్దరత్నాకరము' కావ్యప్రయోగాలకే ప్రాధాన్యమిచ్చిన మహానిఘంటువు. కావ్యాలు చదువుకొనేవారికి అది నేటికీ శరణ్యం. అందులో ప్రతి మాటకూ కవుల ప్రయోగమే ప్రమాణం. ఆ నిష్ఠవల్ల ప్రాచీన సాహిత్యానికి మేలు జరిగింది. కాని గ్రాంథికభాషే భాష, తక్కినది అపభ్రంశం అన్న భావం పాఠశాలల్లో పాతుకొన్నప్పుడు, తాను ఇంట్లో మాట్లాడే మాట తప్పని పిల్లవాడు భయపడే పరిస్థితి వచ్చింది. మంచి సాధనం కూడా, అది ఒక్కటే సాధనమని పట్టుబట్టినప్పుడు, అడ్డుగోడగా మారుతుంది.

బ్రౌన్ కృషిలో లోపాలు లేవని చెప్పడం న్యాయం కాదు. అతడు విదేశీయుడు. కొన్ని మాటల వ్యుత్పత్తిని, కొన్ని నుడికారాల ఆంతర్యాన్ని సరిగా పట్టుకోలేకపోయాడు. అతని గ్రంథాలు ముందుగా ఉద్దేశించినది తెలుగు నేర్చుకొనే ఇంగ్లీషువారిని. కంపెనీ పాలన సాఫీగా సాగటం కూడా వాటి వెనుకనున్న ప్రయోజనాలలో ఒకటి. అయినా, పరాయివాడు కావటమే ఒక విధంగా అతనికి మేలు చేసింది. తెలియనివాడి కష్టం అతనికి స్వానుభవం. పుట్టుకతో భాష వచ్చినవారికి కనబడని చిక్కులు, నేర్చుకొంటున్నవానికి అడుగడుగునా తగులుతాయి. తనకు తగిలిన ప్రతి చిక్కునూ తన తరువాత వచ్చేవారికి తగలకుండా తొలగించాలని అతడు శ్రమించాడు. పాలకుల కోసం మొదలైన పని చివరకు పాలితుల భాషకు కోశాగారమైంది.

మద్రాసులో పోస్టుమాస్టరు జనరల్ వంటి ఉన్నత పదవులు నిర్వహించిన బ్రౌన్, 1854లో ఉద్యోగవిరమణ చేసి, మరుసటి సంవత్సరం ఇంగ్లండుకు ప్రయాణమయ్యాడు. 1857లో వ్యాకరణం మలిముద్రణను వెలువరించాడు. తరువాతి కాలంలో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా పనిచేశాడు. తన సాహిత్యజీవితాన్ని సంక్షిప్తంగా గ్రంథస్థం చేశాడు. 1884 డిసెంబరు 12న లండనులో కన్నుమూశాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో అతని సమాధి ఉంది.

బ్రౌన్ విత్తిన విత్తనం అతని అనంతరం మొలకెత్తింది. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును కందుకూరి వీరేశలింగం మొదలైనవారు పరిష్కరించగా 1903లో మలిముద్రణ వచ్చింది. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో గిడుగు రామమూర్తి వాడుకభాషా ఉద్యమాన్ని ప్రారంభించాడు. పాఠ్యపుస్తకాలలో, పరీక్షలలో శిష్టవ్యవహార భాషకు చోటు కల్పించాలని ఆయన పోరాడాడు. ఉద్యమానికి ప్రతిఘటన తీవ్రంగా ఎదురైంది. గెలుపు చూడకుండానే 1940లో ఆయన మరణించాడు. అయినా క్రమంగా పత్రికలు, కథలు, పాఠ్యపుస్తకాలు వాడుకభాషలోకి మారాయి. ఆ భాష గ్రంథరచనకు తగినదని చూపడానికి బ్రౌన్ సేకరించిన లేఖలు, వచనకథలు, నిఘంటువులు ముందే సిద్ధంగా ఉన్నాయి.

కడపలోని బ్రౌన్ బంగళా చాలాకాలం శిథిలావస్థలో పడి ఉంది. సాహితీవేత్త జానమద్ది హనుమచ్ఛాస్త్రి చేసిన అవిశ్రాంత కృషివల్ల, దాతల సహకారంవల్ల ఆ స్థలంలోనే బ్రౌన్ పేరిట గ్రంథాలయం వెలసింది. అది తరువాత యోగివేమన విశ్వవిద్యాలయానికి అనుబంధమైన భాషాపరిశోధన కేంద్రంగా రూపొందింది. వేమనను అచ్చులోకి తెచ్చినవాని ఇల్లు, వేమన పేరు పెట్టుకొన్న విశ్వవిద్యాలయానికి చెందటం సముచితంగా ఉంది.

బ్రౌన్ ఎదుర్కొన్న ప్రశ్న మరొక రూపంలో నేటికీ సజీవంగా ఉంది. కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టం ఎవరి కోసం ఉండాలి? తొలినాళ్లలో ఆజ్ఞలను అక్షరాలలో టైపు చేయగల నిపుణులే కంప్యూటరును వాడగలిగేవారు. ఆ తరువాత బొమ్మలు, మౌస్, స్పర్శతెర వచ్చాయి. నిపుణులకు కావలసిన స్వేచ్ఛ తగ్గిపోతున్నదని కొందరు, సామాన్యులకు ఇంకా చిక్కులు మిగిలే ఉన్నాయని కొందరు వాదించుకొంటూనే ఉన్నారు. పులివెందుల దగ్గరి తుమ్మలపల్లె వంటి ఊరిలో ఒక రైతు తన ఫోనులో వాతావరణ సమాచారమో, పంట ధరో చూసుకోవాలనుకొన్నప్పుడు, ఆ తెరమీద తెలుగు కనబడాలి. ఆ తెలుగు అతనికి అర్థం కావాలి. అక్కడ అపరిచితమైన ఇంగ్లీషు మాట ఎంత అడ్డమో, ఎన్నడూ వినని కృతక సంస్కృత సమాసం కూడా అంతే అడ్డం. ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్న తెలుగు నిఘంటువులలో బ్రౌన్ నిఘంటువు ఒకటి కావటం విశేషం.

పండితులకా, సామాన్యులకా అన్న ప్రశ్నకు బ్రౌన్ ఒకరిని కాదని మరొకరిని ఎన్నుకోలేదు. పండితులను తన ఇంటికి పిలిచి, గౌరవించి, జీతమిచ్చి పనిచేయించాడు. ఆ పని ఫలాన్ని మాత్రం అందరి చేతికీ అందేటట్లు చూశాడు. లోతైన బావిని తవ్వగల నేర్పు కొందరికే ఉంటుంది. నీరు మాత్రం ఊరంతటికీ కావాలి. కడప బంగళాలో అప్పుల భారం మోస్తూ, తాటాకుల నడుమ గడిపిన ఆ దొర జీవితం మనకు అందించే సందేశం ఇదే.

అభ్యాసం

1. పద్యరూపంలోని ప్రాచీన నిఘంటువులు ఎవరికి ఉపకరించాయి? ఎవరికి ఉపకరించలేదు? కారణాలు తెలపండి.
2. వేమనపట్ల పండితుల వైఖరికీ, ప్రజల వైఖరికీ గల భేదాన్ని వివరించండి.
3. కడప బంగళాలో జరిగిన గ్రంథపరిష్కరణ విధానాన్ని వర్ణించండి.
4. బ్రౌన్ నిఘంటువుకూ, శబ్దరత్నాకరానికీ గల ప్రయోజనభేదం ఏమిటి?
5. బ్రౌన్ విదేశీయుడు కావటం అతని కృషికి ఏ విధంగా లోపమైంది? ఏ విధంగా మేలు చేసింది?
6. మీరు నిత్యం వాడే ఒక సాధనాన్ని తీసుకొని, అది నిపుణుల కోసం రూపొందిందో, సామాన్యుల కోసం రూపొందిందో చర్చిస్తూ ఒక వ్యాసం రాయండి.